నోట్‌బుక్‌లో బొమ్మ సైజు: ఏ మీట నొక్కాలి?

చార్ట్‌లో అక్షరాలు సరిగ్గా కనబడట్లేదని ఫిగర్ సైజు పెంచుతాం. 10 బై 6 పెట్టి చూస్తాం, చాలదనిపిస్తుంది. 20 బై 12 చేస్తాం. ఈసారి అక్షరాలు ఇంకా చిన్నగా వస్తాయి! జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడ్, దాని ఫలితం ఒకేచోట కనిపించే పేజీలో) పనిచేసేవాళ్లకి ఈ వింత కొత్తేం కాదు. మొదట్లో నేను దీంతో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టి, చివరికి స్క్రీన్‌షాట్ తీసి ప్రెజెంటేషన్‌లో అతికించి గండం గట్టెక్కాను.

అసలు గొడవ ఎక్కడంటే, ‘సైజు’ అని మనం ఒకే మాట వాడేస్తాం గానీ దాని వెనక మూడు వేరువేరు సంగతులున్నాయి. బొమ్మని ఎంత కాగితం మీద గీశాం అనేది ఒకటి. గీశాక ఆ ఫైలులో ఎన్ని పిక్సెళ్లున్నాయి అనేది రెండోది. ఆ ఫైలుని స్క్రీన్ మీద ఎంత వెడల్పులో చూపిస్తున్నాం అనేది మూడోది. నోట్‌బుక్‌లో దొరికే ఆప్షన్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని, ఒక్కోసారి రెండింటిని కదిలిస్తాయి. మనకి ఏది కావాలో తేల్చుకోకుండా ఒక్కో ఆప్షనూ మార్చి చూస్తూ పోతే చీకట్లో తడుముకున్నట్టే ఉంటుంది.

ఫిగ్‌సైజా, డీపీఐయా

ఎక్కువమందికి తగిలే చిక్కు పైథాన్‌లో చార్టులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతోనే కాబట్టి అక్కడ మొదలుపెడదాం. ఇందులో ఫిగ్‌సైజ్ అంటే అంగుళాల్లో కాగితం కొలత. డీపీఐ అంటే ఆ కాగితంలో ఒక్కో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అని. 2.0 వెర్షన్ నుంచి డిఫాల్టు 6.4 బై 4.8 అంగుళాలు, 100 డీపీఐ. అంటే 640 బై 480 పిక్సెళ్లు. జూపిటర్ పాత వెర్షన్లు ఈ డిఫాల్టుల్ని పక్కనపెట్టి 6 బై 4 అంగుళాలు, 72 డీపీఐ వాడేవి. పాత ట్యుటోరియల్‌లోని కోడ్ అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసినా మన దగ్గర బొమ్మ వేరే సైజులో రావడానికి అదో కారణం.

అక్షరాల కొలత మాత్రం పిక్సెళ్లలో ఉండదు, పాయింట్లలో ఉంటుంది. 72 పాయింట్లు ఒక అంగుళం. కాబట్టి 100 డీపీఐ దగ్గర 10 పాయింట్ల అక్షరం దాదాపు 14 పిక్సెళ్లు. కాగితం ఎంత పెద్దదైనా అక్షరం అంతే. పోస్టరంత కాగితం తీసుకుని దాని మీద మామూలు పెన్నుతో రాసినట్టన్నమాట.

ఇప్పుడు లెక్క చూడండి. మీ నోట్‌బుక్‌లో అవుట్‌పుట్ కాలమ్ వెడల్పు 800 పిక్సెళ్లు అనుకుందాం. 8 అంగుళాల ఫిగర్ గీస్తే 800 పిక్సెళ్లు, కాలమ్‌లో సరిగ్గా పడుతుంది, అక్షరం 14 పిక్సెళ్లలో హాయిగా కనిపిస్తుంది. 20 అంగుళాలు గీస్తే 2000 పిక్సెళ్లు. అంత వెడల్పు కాలమ్‌లో పట్టదు కాబట్టి బ్రౌజర్ దాన్ని 40 శాతానికి కుదిస్తుంది. దాంతోపాటు 14 పిక్సెళ్ల అక్షరం ఐదున్నర పిక్సెళ్లకి దిగిపోతుంది. మనం పెంచిందల్లా కాగితం. బ్రౌజర్ తగ్గించింది మాత్రం కాగితాన్నీ, దాని మీదున్న రాతనీ కూడా.

డీపీఐ పెంచితే అలా కాదు. 6.4 బై 4.8 కాగితాన్నే 200 డీపీఐలో గీస్తే 1280 బై 960 పిక్సెళ్లు వస్తాయి. గీతలు, అక్షరాలు, చుక్కలు అన్నీ ఒకే పాళ్లలో పెరుగుతాయి, అచ్చం జూమ్ చేసినట్టు. కాలమ్ నిండేదాకా బొమ్మ పెద్దదవుతుంది. నిండాక సైజు అక్కడే ఆగిపోతుంది, కుదించి చూపించడం వల్ల స్పష్టత మాత్రం పెరుగుతుంది.

అందుకని నా లెక్క ఇది: ‘బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా పెద్దగా కావాలి’ అనుకుంటే డీపీఐ ముట్టుకోండి. ‘లోపల చోటు చాలట్లేదు, లేబుళ్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి’ అనుకుంటే ఫిగ్‌సైజ్ ముట్టుకోండి. మూడు వరసల్లో తొమ్మిది సబ్‌ప్లాట్లు (ఒకే ఫిగర్‌లో చిన్న చార్టులు) గీస్తూ 6.4 బై 4.8 కాగితమే ఇస్తే అవి ఊపిరాడక కొట్టుకుంటాయి, అక్కడ పెద్ద కాగితమే మందు. కాకపోతే దానికి తగ్గట్టు ఫాంట్ సైజు కూడా ఓ రెండు మూడు పాయింట్లు పెంచండి.

ఒక మెలిక చెప్పాలి. మాట్‌ప్లాట్‌లిబ్ మీదే కట్టిన సీబార్న్ లైబ్రరీలో రెల్‌ప్లాట్, క్యాట్‌ప్లాట్, డిస్‌ప్లాట్ లాంటివి తమ ఫిగర్‌ని తామే తయారుచేసుకుంటాయి. మీరు ముందు లైనులో ఫిగర్ తెరిచి ఫిగ్‌సైజ్ ఇచ్చినా వాటికి పట్టదు, పైగా పైన ఒక ఖాళీ ఫిగర్ కూడా వచ్చి కూర్చుంటుంది. వాటికి హైట్, ఆస్పెక్ట్ అనే రెండు ఆప్షన్లివ్వాలి. హైట్ అంటే ఒక్కో గడి ఎత్తు అంగుళాల్లో. దాన్ని ఆస్పెక్ట్‌తో గుణిస్తే ఒక్కో గడి వెడల్పు వస్తుంది. నాలుగు గడులుంటే మొత్తం వెడల్పు నాలుగింతలు. ఇది తెలియక ‘ఫిగ్‌సైజ్ పనిచేయట్లేదు’ అని తలపట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ప్లాట్లీ అనే మరో చార్టుల లైబ్రరీ వాడేవాళ్లకి ఈ తలనొప్పి తక్కువ. అక్కడ విడ్త్, హైట్ నేరుగా పిక్సెళ్లలో ఇస్తాం, అక్షరం కూడా పిక్సెళ్లలోనే ఉంటుంది. చార్ట్ పెంచినా అక్షరం సైజు మారదు.

స్పష్టత కోసమైతే

మసకగా ఉందనే ఫిర్యాదు వేరు, చిన్నగా ఉందనే ఫిర్యాదు వేరు. సైజు సరిపోయి, గీతలు మాత్రం అలికినట్టు కనిపిస్తుంటే డీపీఐ కంటే మంచి దారి ఇన్‌లైన్ బ్యాకెండ్‌లో (చార్ట్‌ని కోడ్ కిందే చూపించే భాగంలో) ఫిగర్ ఫార్మాట్‌ని ‘రెటీనా’ అని మార్చడం. ఇది బొమ్మని రెట్టింపు డీపీఐలో గీసి, చూపించే వెడల్పుని సగం అని రాసి పెడుతుంది. స్క్రీన్ మీద సైజు మారదు, పిక్సెళ్లు మాత్రం నాలుగింతలవుతాయి. కొత్త ల్యాప్‌టాప్‌ల స్క్రీన్‌ల మీద తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఎస్వీజీ ఫార్మాట్ (పిక్సెళ్లకి బదులు గీతల కొలతలు దాచుకునేది) పెట్టుకుంటే ఎంత జూమ్ చేసినా చెదరదు. లైన్ గ్రాఫులకి, బార్ చార్టులకి నేను దానికే ఓటేస్తాను. కానీ లక్ష చుక్కల స్కాటర్ ప్లాట్‌ని ఎస్వీజీలో గీయించారంటే మాత్రం ప్రతి చుక్కా ఫైలులో ఒక వస్తువుగా చేరుతుంది. నోట్‌బుక్ బరువెక్కి, స్క్రోల్ చేస్తే బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది. అలాంటిచోట రెటీనాయే దిక్కు.

ఇంకో సంగతి. ఇన్‌లైన్‌గా చూపించేటప్పుడు బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచుల్ని నోట్‌బుక్ కత్తిరించేస్తుంది. అందుకే 8 అంగుళాలు ఇచ్చినా సరిగ్గా 800 పిక్సెళ్లు రావు. ఒకదాని కింద ఒకటి రెండు చార్టులు పెట్టి, ఒకదానికి వై యాక్సిస్ మీద రెండంకెల సంఖ్యలు, ఇంకోదానికి ఏడంకెల సంఖ్యలు వస్తే, కోడ్‌లో సైజు ఒకటే అయినా రెండు బొమ్మల వెడల్పు వేరుగా ఉంటుంది. అది ఇబ్బందైతే ఇన్‌లైన్ బ్యాకెండ్ సెట్టింగులో బీబాక్స్ ఇంచెస్ విలువని ‘టైట్’ నుంచి ‘నన్’కి (అంటే ఏమీ లేదు అని) మార్చాలి.

ముందే ఉన్న ఫొటో చూపించాలంటే

గీసే పని లేదు, డిస్క్ మీద ఒక ఫొటో ఉంది, దాన్ని కాస్త చిన్నగా చూపించాలి. ఇక్కడ మూడు దారులున్నాయి.

అన్నిటికంటే తేలిక జూపిటర్‌తో పాటే వచ్చే ఐపైథాన్ డిస్‌ప్లేలోని ఇమేజ్ క్లాస్. ఫైలు పేరిచ్చి, విడ్త్ 400 అంటే 400 పిక్సెళ్ల వెడల్పులో వస్తుంది. విడ్త్ ఒక్కటే ఇవ్వండి. ఎత్తు కూడా ఊహించి ఇస్తే మనుషుల మొహాలు సాగిపోతాయి. కాలమ్‌లో పట్టకపోయినా సరే అసలు సైజులోనే కావాలనుకుంటే అన్‌కన్‌ఫైన్డ్ అనే ఆప్షన్ ఉంది. ఎస్వీజీ ఫైళ్ల కోసం ఉన్న వేరే క్లాస్‌కి మాత్రం ఈ విడ్త్ ఆప్షన్ లేదు.

కానీ ఈ దారిలో కనబడని ఖర్చొకటి ఉంది. 4000 బై 3000 పిక్సెళ్ల ఫొటో, ఫైలు సైజు 3 ఎంబీ అనుకోండి. విడ్త్ 400 పెట్టారు, స్క్రీన్ మీద బుల్లిగా వచ్చింది. నోట్‌బుక్ ఫైలులో చేరింది మాత్రం మొత్తం ఫొటోయే. అదీ బేస్64 (బైట్లని అక్షరాలుగా రాసే పద్ధతి) రూపంలో, అంటే మూడు బైట్లున్నచోట నాలుగు. 3 ఎంబీ ఫొటో నోట్‌బుక్‌లో 4 ఎంబీ అయింది. అలాంటివి పది పెడితే 40 ఎంబీ. అది తెరవడానికి టైమ్ పడుతుంది, మెయిల్‌లో పంపాలంటే చాలాచోట్ల వెళ్లదు, గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచే టూల్‌లో) పెడితే బొమ్మ మారిన ప్రతిసారీ మార్పుల చిట్టా చాంతాడంత అవుతుంది. చూపించే సైజు తగ్గించినంత మాత్రాన బరువు తగ్గదన్నది చాలామందికి తట్టని విషయం.

రెండో దారి, పైథాన్‌లో ఫొటోల్ని మార్చే పిల్లో లైబ్రరీతో పిక్సెళ్లనే తగ్గించడం. బరువు నిజంగా తగ్గేది ఇక్కడే. ఇందులో రీసైజ్, థంబ్‌నెయిల్ అని రెండున్నాయి. రీసైజ్ మీరిచ్చిన కొలతకే సాగదీస్తుంది, నిష్పత్తి సంగతి మీరే చూసుకోవాలి. థంబ్‌నెయిల్ నిష్పత్తి చెడకుండా ఆ కొలతల్లో ఇమిడేలా కుదిస్తుంది. చిన్న బొమ్మనిస్తే దాన్ని పెంచదు. నోట్‌బుక్ పనికి నేను థంబ్‌నెయిలే వాడతాను. జాగ్రత్త ఒక్కటే: అది ఉన్న బొమ్మనే మార్చేస్తుంది, కొత్తది తిరిగివ్వదు. దాని ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటే అందులో ‘నన్’ తప్ప ఏమీ ఉండదు. అసలు బొమ్మ మళ్లీ కావాలంటే ముందు కాపీ చేసుకుని, ఆ కాపీ మీద థంబ్‌నెయిల్ నడపండి.

మూడోది మాట్‌ప్లాట్‌లిబ్‌లోని ఇమ్‌షో. ఫొటో మీద గళ్లు గీయాలి, రంగుల పట్టీ పెట్టాలి, పక్కపక్కన నాలుగు బొమ్మలు పోల్చాలి అంటే దీనికి సాటి లేదు. ఒక్క ఫొటోని ఉన్నదున్నట్టు చూపించడానికి మాత్రం ఇది సరైంది కాదు. చుట్టూ యాక్సిస్ అంకెలు, అంచులు పోగా మిగిలిన చోటులో బొమ్మని ఇరికిస్తుంది కాబట్టి పిక్సెల్‌కి పిక్సెల్ సరిపోదు. 512 బై 512 మైక్రోస్కోప్ చిత్రానికి 5.12 అంగుళాల ఫిగర్ ఇచ్చి 100 డీపీఐ పెట్టినా 512 పిక్సెళ్లలో రాదు. వివరాలు పరిశీలించాల్సిన బొమ్మలైతే పిల్లోతో తెరిచి, సెల్ (కోడ్ రాసే పెట్టె) చివర ఆ వేరియబుల్ పేరు రాసి వదిలేయండి. కాలమ్ పట్టినంతవరకు అసలు సైజులోనే కనబడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు కేసు చేతిరాత అంకెలది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఎమ్‌నిస్ట్ డేటాసెట్ ముట్టుకునే ఉంటారు. అందులో ఒక్కో అంకె 28 బై 28 పిక్సెళ్లు. పిల్లోతో చూపిస్తే స్క్రీన్ మీద గోరంత వస్తుంది. ఇమేజ్ క్లాస్‌లో విడ్త్ 280 పెడితే బ్రౌజర్ దాన్ని సాగదీస్తూ నునుపు చేస్తుంది, అంకె పొగమంచులో ఉన్నట్టుంటుంది. ఇక్కడ కావాల్సింది గడులు గడులుగా కనిపించడం. ఇమ్‌షోలో ఇంటర్‌పొలేషన్ ‘నియరెస్ట్’ పెట్టండి, లేదా పిల్లోలో రీసైజ్ చేస్తూ నియరెస్ట్ పద్ధతి అడగండి. పదింతలు, ఇరవై ఇంతలు ఇలా పూర్ణాంకాల్లో పెంచితే గడులన్నీ ఒకే కొలతలో వస్తాయి.

ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీ వాడేవాళ్లకి ఒక మాట. దాని ఇమ్‌షో వేరే విండో తెరుస్తుంది, నోట్‌బుక్‌లో చూపించదు. గూగుల్ ఆన్‌లైన్‌లో నడిపే నోట్‌బుక్ కోలాబ్‌లో దాన్ని వాడనివ్వరు, బదులుగా గూగుల్ వాళ్లే ఒక ప్రత్యామ్నాయ ఫంక్షన్ ఇచ్చారు. దానికి సైజు ఆప్షన్ లేదు కాబట్టి ముందే రీసైజ్ చేసుకోవాలి. మాట్‌ప్లాట్‌లిబ్‌కి పంపేటట్టయితే రంగుల వరస (ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఏది ముందు అన్నది) తిప్పడం మరిచిపోకండి, లేకపోతే మొహాలు నీలంగా వస్తాయి.

మార్క్‌డౌన్ సెల్‌లో

వివరణ రాసే సెల్‌లో బొమ్మ పెట్టడానికి మార్క్‌డౌన్‌లో (మామూలు గుర్తులతో రాతని తీర్చే పద్ధతిలో) ఆశ్చర్యార్థకం, బ్రాకెట్లతో ఉండే గుర్తు మనందరికీ తెలుసు. జూపిటర్‌లో దానికి సైజు ఇచ్చే వీల్లేదు. వేరే టూల్స్‌లో పనిచేసే మీసాల బ్రాకెట్ల చిట్కాలు ఇక్కడ పేజీ మీద మామూలు అక్షరాల్లా తేలతాయి. కాబట్టి హెచ్‌టీఎమ్‌ఎల్ ఇమేజ్ ట్యాగ్ రాసి, దానికి విడ్త్ ఇవ్వడమే దారి.

విడ్త్‌ని నేరుగా ఆట్రిబ్యూట్‌గా ఇవ్వాలా, స్టైల్‌లో రాయాలా అంటే నా సలహా మొదటిదే. భద్రత కోసం చాలా సైట్లు స్టైల్‌ని ఏరి పారేస్తాయి, గిట్‌హబ్ వాటిలో ఒకటి. విడ్త్ ఆట్రిబ్యూట్ జోలికి సాధారణంగా ఎవరూ పోరు. శాతాల్లో ఇవ్వడమా, పిక్సెళ్లలోనా అంటే, చదివేవాళ్లు రకరకాల స్క్రీన్‌ల మీద చూస్తారనుకుంటే శాతం మేలు. చిన్న ఐకాన్‌లకి, స్క్రీన్‌షాట్‌లకి పిక్సెళ్లు మేలు. స్క్రీన్‌షాట్‌ని 60 శాతం అని పెడితే పెద్ద మానిటర్ మీద అది ఉబ్బిపోయి మసకేస్తుంది.

ఫైలు దారి విషయంలో కోలాబ్‌తో జాగ్రత్త. అక్కడ మీ ఫైళ్లు ఎక్కడో దూరంగా ఉన్న మెషీన్‌లో ఉంటాయి, బ్రౌజర్‌కి అవి కనబడవు. ట్యాగ్‌లో ఫైలు పేరు రాస్తే విరిగిన బొమ్మ గుర్తు తప్ప ఏమీ రాదు. అప్పుడు ట్యాగ్ మానేసి కోడ్ సెల్‌లో ఇమేజ్ క్లాస్ వాడటమే నయం. అది బైట్లని చదివి అవుట్‌పుట్‌లో పెట్టేస్తుంది కాబట్టి దారి గొడవే ఉండదు.

వేరే నోట్‌బుక్‌లు

ఆర్ భాషలో రిపోర్టులు తయారుచేసే నిటర్, క్వార్టో వాడేవాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే నేను పైన కష్టపడి విడదీసిన విషయాన్ని అక్కడ పేర్లలోనే విడదీశారు. ఫిగ్ విడ్త్ అంటే గీసే కాగితం, అంగుళాల్లో. అవుట్ విడ్త్ అంటే పేజీలో చూపించే వెడల్పు, శాతంలోనైనా ఇవ్వొచ్చు. అక్షరాలు పెద్దగా కావాలంటే ఫిగ్ విడ్త్ తగ్గించి, అవుట్ విడ్త్ అలాగే ఉంచాలి. మొదటిసారి చేసినప్పుడు తిరకాసుగా అనిపిస్తుంది గానీ 20 అంగుళాల లెక్క గుర్తుంటే ఇది దానికి తిరగేసిందే. డిస్క్ మీదున్న బొమ్మ కోసం ఇంక్లూడ్ గ్రాఫిక్స్ ఫంక్షన్ ఉంది, దానికి అవుట్ విడ్త్ మాత్రమే పనికొస్తుంది.

1988లో మొదటి వెర్షన్‌తోనే నోట్‌బుక్‌ని తెచ్చిన మ్యాథమెటికా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్‌సైజ్ అనే ఒక్క ఆప్షన్ చాలావరకు సరిపోతుంది. సంఖ్య ఇవ్వొచ్చు, లేదా స్మాల్, మీడియం, లార్జ్ అని మాటల్లో చెప్పొచ్చు. గ్రాఫ్ మూల పట్టుకుని మౌస్‌తో లాగినా సైజు మారుతుంది. ఆ హాయి జూపిటర్‌లో లేదు. అయితే ఇమేజ్‌సైజ్ చూపించే సైజునే మారుస్తుంది. పిక్సెళ్లు తగ్గాలంటే ఇమేజ్‌రీసైజ్ అనే వేరే ఫంక్షన్ వాడాలి. జూలియా భాషలో ప్లాట్స్ ప్యాకేజీకి సైజు పిక్సెళ్లలో ఇస్తారు, డిఫాల్టు 600 బై 400.

పీడీఎఫ్ తీసేముందు

చివరికి పీడీఎఫ్ తీయాలని ముందే తెలిస్తే ఎంపిక కాస్త మారుతుంది. జూపిటర్ నుంచి లేటెక్ (పత్రాలు అచ్చుకి తీర్చే సాఫ్ట్‌వేర్) దారిలో పీడీఎఫ్ తీస్తే మార్క్‌డౌన్ సెల్‌లో రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు సాధారణంగా పక్కకి పోతాయి. విడ్త్ కాదు, బొమ్మే మాయం. నోట్‌బుక్‌లో చక్కగా కనిపించింది కదా అని అర్ధరాత్రి రిపోర్ట్ పంపి, పొద్దున్నే ‘బొమ్మలేవీ?’ అన్న జవాబు చూసి టెన్షన్ పడ్డ అనుభవం నాకుంది. బ్రౌజర్ ఇంజిన్‌తో తీసే వెబ్‌పీడీఎఫ్ దారిలో ట్యాగులు నిలుస్తాయి. లేటెక్కే కావాలంటే బొమ్మల్ని పిల్లోతో ముందే సరైన సైజుకి కుదించి, మామూలు మార్క్‌డౌన్ గుర్తుతోనే పెట్టండి.

ఇన్ని తిప్పలూ పడ్డాక నా నోట్‌బుక్‌ల మొదటి సెల్‌లో ఇప్పుడు రెండే సెట్టింగులుంటాయి: ఫిగ్‌సైజ్ డిఫాల్టు 8 బై 4.5, ఫిగర్ ఫార్మాట్ రెటీనా. ఒక చార్ట్‌కి చోటు చాలకపోతే ఆ ఒక్కదానికే 10 అంగుళాలిచ్చి ఫాంట్ 12 చేస్తాను. ఫొటోలన్నిటినీ 800 పిక్సెళ్ల థంబ్‌నెయిల్ చేసి ఒక ఫోల్డర్‌లో పడేస్తాను, నోట్‌బుక్ అక్కడినుంచే తీసుకుంటుంది. 20 బై 12 అని మళ్లీ ఎక్కడా రాయలేదు.